సూదికి ముందు నాలుగు ఊపిర్లు

నెత్తి మీద జుట్టు నాటించుకున్నవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి. గంటల తరబడి సాగిన ఆ పని గురించి పెద్దగా చెప్పరు. ఫోన్‌లో సినిమా చూశామనో, మధ్యలో కునుకు పట్టిందనో అంటారు. మొదటి పది నిమిషాల సంగతి ఎత్తితే మాత్రం మొహం చిట్లిస్తారు. జుట్టు మొదలయ్యే గీత వెంట, నుదురంతా, తల చుట్టూ వరసగా గుచ్చే తిమ్మిరి సూదులవి. అక్కడ చర్మం కిందే ఎముక. మందు సర్దుకోవడానికి మందమైన కండ లేదు, మెత్తటి కొవ్వు పెద్దగా లేదు. బిగుతుగా ఉన్న చర్మాన్ని ఉబ్బించుకుంటూ లోపలికి పోవాలి. పైగా అది నరాలు దట్టంగా ఉండే చోటు.

మందు గుణం కూడా అలాంటిదే. రక్తం తక్కువ పోవాలని తిమ్మిరి మందైన లిగ్నోకెయిన్‌లో అడ్రినలిన్ కలుపుతారు. అడ్రినలిన్ సీసాలో చెడిపోకుండా ఉండాలంటే ద్రవం ఆమ్లంగా ఉండాలి. చర్మంలోకి దిగినప్పుడు ఆ ఆమ్లమే మంట పుట్టిస్తుంది. అనుభవమున్న డాక్టర్లు వాడేముందు కాస్త సోడియం బైకార్బొనేట్ కలిపి మంట తగ్గిస్తారు, సన్నటి సూది తీసుకుంటారు, మెల్లగా ఎక్కిస్తారు. ఇన్ని చేసినా నొప్పి పూర్తిగా పోదు.

జుట్టు నాటడం, కనురెప్పలు సరిచేయడం, ఓ మోస్తరుగా కొవ్వు తీసే లైపోసక్షన్ లాంటి పనులన్నీ మనిషి మెలకువగా ఉండగానే చేయొచ్చు. తిమ్మిరెక్కాక కత్తి తెలియదు. తిమ్మిరెక్కేదాకా ఉండే ఆ కాసేపే గండం. దానికోసం మనిషిని పూర్తిగా నిద్రపుచ్చి గొంతులో గొట్టం వేయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. అలాగని పంటి బిగువున ఓర్చుకోమనడమూ న్యాయం కాదు. ఈ ఖాళీలోకే ఇప్పుడు కాస్మెటిక్ క్లినిక్కులు నైట్రస్ ఆక్సైడ్‌ని తెచ్చుకుంటున్నాయి. లాఫింగ్ గ్యాస్ అని జనం పిలిచేది దీన్నే. ఇది కొత్త మందేం కాదు. పళ్ళ డాక్టర్ల దగ్గర, కాన్పు గదుల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

పరికరం చిన్నది. సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్ కలిపిన గ్యాసు, ఓ గొట్టం, దాని చివర నోట్లో పెట్టుకునే ముక్క. ఎంటోనాక్స్ సిలిండర్‌లో ఈ రెండూ ముందే కలిసి ఉంటాయి. అమెరికా సౌందర్య క్లినిక్కుల్లో కనిపించే ప్రోనాక్స్ యంత్రం అప్పటికప్పుడు అదే పాళ్ళలో కలిపి ఇస్తుంది. గొట్టంలో ఉన్న కవాటం పేషెంటు పీల్చినప్పుడే తెరుచుకుంటుంది, ఆపితే మూసుకుంటుంది. గ్యాస్ దానంతటది నోట్లోకి తోసుకురాదు.

దీని భద్రతంతా ఒక్క నియమం మీద నడుస్తుంది. గొట్టాన్ని పేషెంటే పట్టుకోవాలి. మత్తు ఎక్కువైతే చెయ్యి జారుతుంది, పెదాల పట్టు వదులుతుంది, మామూలు గాలి లోపలికి వస్తుంది, కాసేపట్లో తేరుకుంటాడు. మోతాదుకి కాపలా పేషెంటు చెయ్యే. సాయం చేద్దామని నర్సమ్మో, పక్కనున్న బంధువో గొట్టాన్ని నోటికి అదిమి పట్టారంటే ఆ కాపలా తీసేసినట్టే. చూడ్డానికి దయగా కనిపిస్తుంది గానీ చేయకూడని పని.

సూది పడడానికి ఓ నిమిషం ముందు నుంచి నిదానంగా, లోతుగా పీల్చమంటారు. నాలుగైదు ఊపిర్లకే పెదాల చుట్టూ, వేళ్ళ చివర చిమచిమ మొదలవుతుంది. మాటలు దూరం నుంచి వస్తున్నట్టు వినిపిస్తాయి. కొందరికి నవ్వొస్తుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది. ఎక్కువమంది చెప్పేదేంటంటే, నొప్పి తెలుస్తూనే ఉంటుంది గానీ దాన్ని పట్టించుకోవాలనిపించదు. పీల్చడం ఆపితే అయిదు నిమిషాల్లో మనిషి మామూలవుతాడు. ఈ గ్యాస్ రక్తంలో పెద్దగా కరగదు కాబట్టి ఎంత తొందరగా ఎక్కుతుందో అంత తొందరగా దిగుతుంది. కాలేయం దీన్ని విరగ్గొట్టనక్కర్లేదు, మూత్రపిండాలు కడగనక్కర్లేదు. వచ్చిన దారినే, ఊపిరితిత్తుల్లోంచే, దాదాపు అంతా బయటికి పోతుంది.

లోపల ఏం జరుగుతుంది? మూడు రకాలుగా పని చేస్తుంది. నాడీకణాల మీద గ్లూటమేట్ అనే రసాయనాన్ని అందుకునే ఎన్‌ఎండీఏ అనే గ్రాహకాలున్నాయి. నొప్పి సంకేతం పెరిగి పెద్దదయ్యే దారుల్లో ఇవొకటి. నైట్రస్ ఆక్సైడ్ వాటికి అడ్డుపడుతుంది. రెండోది, మెదడు కాండంలో ఒకచోట శరీరం సొంతంగా తయారుచేసుకునే మార్ఫిన్‌లాంటి పదార్థాలను విడుదల చేయిస్తుంది. దాంతో అక్కణ్ణుంచి వెన్నుపాములోకి దిగే నరాలు మేలుకుని, కింది నుంచి వచ్చే నొప్పి కబురును మెదడు దాకా రాకముందే బలహీనపరుస్తాయి. వీటికి తోడు భయాన్ని తగ్గించే గుణం ఒకటి. కాస్మెటిక్ సర్జరీలో ఈ మూడోదాని విలువ తక్కువేం కాదు. రోగం లేకపోయినా కోరి వచ్చి బల్ల మీద పడుకున్న మనిషికి, అసలు ఎందుకొచ్చానా అనిపించే క్షణం ఒకటుంటుంది.

ఈ గ్యాస్‌కి నొప్పి తగ్గించే గుణముందని మొదట పసిగట్టింది సర్జన్ కాదు, ఇరవయ్యేళ్ళ రసాయన శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ. అంతకుముందే జోసెఫ్ ప్రీస్ట్లీ 1772లో ఈ వాయువును వర్ణించాడు. 1799లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో డేవీ దాన్ని తానే పీల్చి చూడటం మొదలుపెట్టాడు. కోల్‌రిడ్జ్, సదీ లాంటి కవి మిత్రులకూ పట్టించాడు. జ్ఞానదంతం సలుపుతున్నప్పుడు పీలిస్తే నొప్పి తగ్గడం గమనించి, ఎక్కువ రక్తం పోని ఆపరేషన్లలో ఇది పనికి రావచ్చని 1800లో అచ్చేసిన పుస్తకంలో రాశాడు. ఆ మాట పట్టుకుని ముందుకెళ్ళినవాడు నలభై ఏళ్ళకు పైగా ఎవడూ లేడు. 1811లో ప్యారిస్‌లో నవలా రచయిత్రి ఫానీ బర్నీకి రొమ్ము తీసేసినప్పుడు మత్తు లేదు. సంతల్లో టికెట్టు పెట్టి జనాన్ని నవ్వించడానికి మాత్రం గ్యాస్ బాగానే వాడారు.

అలాంటి ఓ ప్రదర్శన 1844 డిసెంబర్ 10న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో జరిగింది. ఆడించినవాడు గార్డ్‌నర్ కోల్టన్. గ్యాస్ పీల్చి గెంతులేసిన ఒకతని కాలికి దెబ్బ తగిలి రక్తం కారుతున్నా అతనికి తెలియకపోవడం, ప్రేక్షకుల్లో ఉన్న పళ్ళ డాక్టరు హోరేస్ వెల్స్ చూశాడు. మర్నాడే తన సొంత పన్నును గ్యాస్ కింద పీకించుకున్నాడు. నొప్పి లేదు. 1845 జనవరిలో బోస్టన్‌లో డాక్టర్ల ముందు చేసి చూపించబోతే పేషెంటు మూలిగాడు, అందరూ మోసమని గేలి చేశారు. ఆ తర్వాతి సంవత్సరం అదే ఊళ్ళో ఈథర్ అనే మరో మత్తు ఆవిరి గెలిచింది. వెల్స్ 1848లో న్యూయార్క్ జైల్లో ప్రాణం తీసుకున్నాడు.

వెల్స్ ఎందుకు ఓడిపోయాడో ఈరోజు ఒక్క అంకెతో చెప్పొచ్చు. కత్తి పడినప్పుడు నూటికి యాభైమంది కదలకుండా ఉండాలంటే పీల్చే గాలిలో ఎంత శాతం మత్తు ఉండాలో కొలిచి, మత్తు డాక్టర్లు ప్రతి వాయువుకీ ఓ విలువ కట్టారు. ఇప్పుడు ఎక్కువగా వాడే సెవోఫ్లూరేన్‌కి అది సుమారు 2 శాతం. నైట్రస్ ఆక్సైడ్‌కి 104. నూటికి నూట నాలుగు పాళ్ళు గ్యాసే పీల్చడం మామూలు గాలి పీడనంలో కుదరదు, ఆక్సిజన్‌కి చోటే ఉండదు. కాబట్టి ఇది మనిషిని ఆపరేషన్‌కి తగినంత నిద్రపుచ్చలేదు. నొప్పిని మందగింపజేయగలదు, అంతే. క్లినిక్ ప్రకటనలు చదివేటప్పుడు ఈ 104ని గుర్తుంచుకుంటే చాలా మోసాలు తప్పుతాయి.

సగం సగం పాళ్ళ మిశ్రమాన్ని ఒకే సిలిండర్‌లో నింపి కాన్పు నొప్పులకు తెచ్చినవాడు బ్రిటన్ మత్తు డాక్టరు మైఖేల్ టన్‌స్టల్, 1961లో. ఆ సిలిండర్‌కి చలంటే పడదు. సున్నాకి ఆరేడు డిగ్రీల కిందికి పోతే రెండు వాయువులూ విడిపోయి, మొదట ఆక్సిజన్ ఎక్కువగా, చివర నైట్రస్ ఎక్కువగా వస్తుంది. మన రామగుండంలో, రెంటచింతలలో ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

ఇక లైపోసక్షన్. ఇప్పటి పద్ధతికి దారి వేసింది కాలిఫోర్నియా చర్మ వైద్యుడు జెఫ్రీ క్లైన్, 1980లలో. కొవ్వు తీయాల్సిన చోట సెలైన్‌లో బాగా పలచన చేసిన లిగ్నోకెయిన్, అడ్రినలిన్ కలిపి లీటర్ల కొద్దీ ఎక్కిస్తారు. చర్మం పుచ్చకాయలా బిగుస్తుంది. అడ్రినలిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి రక్తం పెద్దగా పోదు, లిగ్నోకెయిన్ కూడా రక్తంలోకి చాలా నెమ్మదిగా చేరుతుంది. మామూలుగా అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్‌కి కిలో బరువుకి 7 మిల్లీగ్రాములు హద్దు. 60 కిలోల మనిషికి 420. క్లైన్ ఈ పలచన పద్ధతిలో కిలోకి 35 దాకా ఇవ్వొచ్చని చూపించాడు. అదే మనిషికి 2,100 మిల్లీగ్రాములు. ఈ ద్రవం ఎక్కించేటప్పటి గుచ్చుళ్ళు, లాగుళ్ళ కోసమే గ్యాస్.

వంట్లో అంత అడ్రినలిన్ ఉండగా పైనుంచి ఓ మత్తు వాయువు పీల్పించడం మంచిదేనా? ఈ ప్రశ్న వెనక హైదరాబాద్ చరిత్ర కొంత ఉంది. అక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫామ్‌కి గట్టి భక్తుడు. క్లోరోఫామ్ కింద మనుషులు హఠాత్తుగా చనిపోతున్నారన్న గొడవ తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు నడిచాయి. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక వైద్యుడు లాడర్ బ్రంటన్‌ని పంపింది. లారీ నడిపిన వైద్య పాఠశాలలో అదే కాలంలో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. పెద్ద సంఖ్యలో జంతువుల మీద ప్రయోగాలు చేసి కమిషన్ తేల్చింది ఇది: ముందు ఊపిరి ఆగుతుంది, గుండె తర్వాత ఆగుతుంది. కాబట్టి నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరి చూడండి.

అందులో సగం తప్పని 1911లో తేలింది. వైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, క్లోరోఫామ్ తక్కువ మోతాదులో ఉన్నప్పుడే గుండె లయ తప్పి, వణికి, ఉన్నట్టుండి ఆగిపోవడం చూశాడు. అడ్రినలిన్ ఎక్కిస్తే ఆ పని తేలిగ్గా జరిగిపోయింది. భయపడిన మనిషి వంట్లో ఊరేది అడ్రినలినే. బల్ల మీద వణుకుతూ పడుకున్న పేషెంట్లు పూర్తి మత్తులోకి పోకముందే ఎందుకు పోయారో అప్పటికి అర్థమైంది. ఆ తర్వాత వచ్చిన హాలోథేన్‌కి కూడా అడ్రినలిన్‌తో ఈ వైరం ఉంది. నైట్రస్ ఆక్సైడ్‌కి చెప్పుకోదగ్గంతగా లేదు. లీటర్ల కొద్దీ అడ్రినలిన్ ద్రవం ఎక్కించే చోట ఇదే పనికొచ్చిందంటే, ఆ కారణం చిన్నదేం కాదు. కమిషన్ మాటలో మిగతా సగం మాత్రం ఇవాళ్టికీ చెల్లుతుంది. ఊపిరి చూసేవాడు ఒకడు ఉండాలి.

నాకు అన్నిటికంటే ఆలోచించదగ్గదిగా తోచిన చిక్కు వేరే ఉంది. లిగ్నోకెయిన్ రక్తంలో ఎక్కువైతే మొదట కనిపించే గుర్తులు ఏమిటి? పెదాల చుట్టూ చిమచిమ, చెవుల్లో గుయ్యిమనడం, తల తేలిపోవడం, మాట తడబడటం. దాన్ని పట్టించుకోకపోతే ఫిట్స్, ఆపై గుండె. మెలకువ సర్జరీలో ఉన్న గొప్ప సౌలభ్యం ఏమిటంటే ఆ మొదటి గుర్తును పేషెంటే నోరు తెరిచి చెప్పగలడు. అయితే నైట్రస్ ఆక్సైడ్ పీల్చినా సరిగ్గా అవే గుర్తులు! గ్యాస్ వల్లే అనుకుని అందరూ నవ్వుకునే లోపల అసలు ప్రమాదం జరిగిపోవచ్చు. తేడా కనిపెట్టే మార్గం ఒకటుంది. గొట్టం తీసేయాలి. అయిదు నిమిషాలకి చిమచిమ పోతే గ్యాస్ వల్ల. పోకుండా పెరుగుతుంటే మందు వల్ల. అందుకని గ్యాస్‌ని గుచ్చేటప్పుడే ఇచ్చి మధ్యమధ్యలో ఆపడం మంచిది, ఆపరేషన్ పొడుగునా పీల్పించకూడదు. ఇంకో సంగతి, లైపోసక్షన్‌లో ఇచ్చిన లిగ్నోకెయిన్ రక్తంలో పతాక స్థాయికి చేరేది దాదాపు పన్నెండు గంటలకి. అప్పటికి పేషెంటు ఇంట్లో, తన మంచం మీద ఉంటాడు. ఆ రాత్రి పెదాలు చిమచిమలాడితే అది గ్యాస్ పని కాదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

మొహం మీద చేసే పనుల్లో నిప్పు భయం కూడా ఉంది. ఆరబోతున్న పుల్లను నైట్రస్ ఆక్సైడ్ జాడీలో పెడితే భగ్గున మండుతుంది, ఆక్సిజన్‌లో మండినట్టే. తాను మండదు గానీ మంటను పోషిస్తుంది. కనురెప్ప దగ్గర కరెంటుతో రక్తనాళాన్ని కాలుస్తూనో, లేజర్ వాడుతూనో పక్కనే ఈ గ్యాస్ వదలడం ప్రమాదం. సూదులయ్యాక గొట్టం తీసేసి, గాలి మారనిచ్చి, ఆ తర్వాతే కాల్చాలి.

వంట్లో ఎక్కడైనా గాలి చిక్కుకుని ఉంటే అసలు ఇవ్వకూడదు. రక్తంలో పెద్దగా కరగదన్నా, మామూలు గాలిలోని నత్రజని కంటే ఇది ముప్పై రెట్లకు పైగా కరుగుతుంది. కాబట్టి ఆ ఖాళీల్లోంచి నత్రజని బయటికి రాకముందే ఇది లోపలికి చేరి వాటిని ఉబ్బిస్తుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్ళు, పేగుకి అడ్డంపడినవాళ్ళు సరే, వాళ్ళు కాస్మెటిక్ క్లినిక్‌కి రారు. వచ్చేవాళ్ళలో చూడాల్సింది రెటీనా ఆపరేషన్ అయినవాళ్ళని. కొన్ని ఆపరేషన్లలో కంట్లో గ్యాస్ బుడగ ఉంచి పంపిస్తారు, అది వారాల తరబడి ఉంటుంది. ఆ సమయంలో నైట్రస్ పీలిస్తే కంటిలోపలి ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు.

మన దేశంలో మరీ ముఖ్యంగా అడగాల్సింది బి12 సంగతి. నైట్రస్ ఆక్సైడ్ బి12 విటమిన్ నడిబొడ్డున ఉండే కోబాల్ట్‌ని పాడుచేసి, దాన్ని పనికిరాకుండా చేస్తుంది. నరాల మీది పొరకు ఆ విటమినే ఆధారం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పది నిమిషాల గ్యాస్ వల్ల ఏమీ కాదు. ముందే బి12 తగ్గి ఉన్నవాళ్ళలో మాత్రం ఒక్క ఆపరేషన్‌లో పీల్చిన గ్యాస్ తర్వాతే కాళ్ళు తిమ్మిర్లెక్కి నడక దెబ్బతిన్న కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. శాకాహారుల్లో, షుగర్‌కి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళలో ఈ లోటు మామూలు. సరదాకి బెలూన్లలో నింపుకుని రోజూ పీల్చే కుర్రాళ్ళ వెన్నుపాము పాడవుతున్నది కూడా ఇందువల్లే. బ్రిటన్ 2023 నవంబర్‌లో అలా వాడేందుకు దగ్గర పెట్టుకోవడాన్నే నేరం చేసింది.

పేషెంటు పది నిమిషాలు పీలిస్తే, ఆ గదిలో పనిచేసే నర్సు రోజంతా పీలుస్తుంది. బయటికి వదిలిన ఊపిరిని పీల్చేసి పంపే ఏర్పాటు లేకుండా, ఏసీ వేసి తలుపులు బిగించిన చిన్న గదిలో ఈ గ్యాస్ వాడటం సిబ్బందికి అన్యాయం, అందులోనూ గర్భిణులకి. వాతావరణానికీ దీనివల్ల చెరుపే. బరువుకి బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది, గాలిలో వందేళ్ళకు పైగా ఉంటుంది. బ్రిటన్ ఆసుపత్రులు లెక్క చూసుకుంటే పైపుల్లోంచి కారిపోయేదే వాడేదానికంటే ఎంతో ఎక్కువని బయటపడింది. అందుకని పైపులు మూసి సిలిండర్లకి మారుతున్నాయి.

ఆస్ట్రేలియాలో ఇంకో దారి ఉంది. అక్కడ అంబులెన్సుల్లో పచ్చ రంగు ఈలలాంటి గొట్టంలో 3 మిల్లీలీటర్ల మెథాక్సీఫ్లూరేన్ పోసి ఇస్తారు, దాని ఆవిరిని పేషెంటు పీలుస్తాడు. సిలిండర్ మోయనక్కర్లేదు. పూర్తి మత్తుకి పెద్ద మోతాదుల్లో వాడిన రోజుల్లో ఇది మూత్రపిండాలు పాడుచేసి చెడ్డపేరు తెచ్చుకుంది. అమెరికా దీన్ని తన మార్కెట్లోంచి తీసేసింది. చిన్న మోతాదులో నొప్పికి మాత్రం బ్రిటన్ 2015లో అనుమతించింది.

గ్యాస్ పేరు చెప్పి క్లినిక్ మత్తు డాక్టర్ని తప్పిస్తే మాత్రం ఒప్పుకోకండి. పొట్ట బిగించడం, లీటర్ల కొద్దీ కొవ్వు తీయడం ఈ గ్యాస్‌తో గడిచే పనులు కావు. దీనికి తోడు నిద్రమందు ఇంజెక్షనో, ఫెంటనిల్‌లాంటి గట్టి నొప్పి మందో ఇస్తే అది వేరే వైద్యం, ఊపిరి ఆగిపోయే అవకాశమున్న వైద్యం. అప్పుడు మత్తు డాక్టరు గదిలో ఉండి తీరాలి. డబ్బు మాటలు, సంతకాలు గొట్టం నోట్లో పెట్టుకోకముందే పూర్తి చేసుకోండి. గ్యాస్ ఎక్కాక ఇంకో రెండు చోట్ల కూడా చేసేద్దామా అంటే, నవ్వుతూ సరేనంటారు. బి12 పరీక్ష ముందే చేయించుకోండి, కంటి ఆపరేషన్ అయి ఉంటే చెప్పండి. బల్ల ఎక్కేముందు సర్జన్‌ని ఒక మాట అడగండి: మీ చేతులు పనిలో ఉన్నప్పుడు నా ఊపిరి చూసేది ఎవరు? ఫలానా వాళ్ళని పేరు చెప్పలేకపోతే ఆ రోజుకి లేచి వచ్చేయండి.